పొగ సోకని భోజనశాల

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో విష్ణుచిత్తుని అతిథిసేవను వర్ణించే ఘట్టం ఒకటి ఉంది. శ్రీవిల్లిపుత్తూరులో ఆ పరమభాగవతుని ఇంటికి అతిథులు వేళ కాని వేళల్లో సైతం వస్తూనే ఉంటారు. అవి వానలు జడిపట్టిన రోజులు. తడికట్టెతో పొయ్యి రాజేస్తే మంట కన్న పొగ ఎక్కువ. అందుచేత ఆ ఇల్లాలు కొబ్బరి చిప్పలను పొయ్యిలో పెట్టి, కంటికి పొగ సోకకుండా వంట ముగిస్తుంది. మహాసామ్రాజ్యాన్ని ఏలిన కవి ఒక భక్తుని వంటింట్లోకి తొంగిచూచి, అక్కడి ఇంధనాన్ని, ఆ ఇంధనం వల్ల వంట చేసే మనిషి కన్నుకు కలిగే సుఖాన్ని గుర్తించడం విశేషం.

ఆ ఘట్టంలోనే ఋతువుకు తగిన భోజనాన్ని రాయలు వివరిస్తాడు. వానాకాలంలో సన్నబియ్యపు అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పొగిచిన కూరలు, వరుగులు, వడియాలు. వేసవిలో తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరినీళ్లు, పండ్లు, వడపిందెలు, నీరుమజ్జిగ. చలికాలంలో మిరియపు పొడి చల్లిన వేడివేడి కూరలు, ముక్కుకు ఘాటు తగిలే ఆవ పచ్చళ్లు, ఊరగాయలు, వేడి నెయ్యి, కాచిన పాలు. కాలం ఇచ్చినదే వంటకం; ఒక కాలపు వస్తువును మరొక కాలంలో కోరడం అక్కడ కనబడదు. ఈ పద్యాలను విద్యార్థులు ఇంతవరకు వర్ణనానైపుణ్యం కోసమే చదివి ఉంటారు. వాటిని వంటశాల నిర్మాణశాస్త్రంగా కూడ చదువవచ్చు.

నేటి వంటశాలలో పొగ చాలవరకు కంటికి కనబడదు. గ్యాసు పొయ్యి నీలిమంటతో మండుతుంది. గోడలు తెల్లగా ఉంటాయి. అయితే ఆ నీలిమంట నుండి కూడ బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డై ఆక్సైడ్, వాతావరణంలో కలుస్తూనే ఉంటుంది. గోడకు వాడిన సిమెంటులో, పైకప్పుకు వాడిన ఉక్కులో, గదిని చల్లబరచే యంత్రంలో, చివరకు ఎంగిలాకులో మిగిలిన అన్నంలో కూడ ఆ అదృశ్యమైన పొగ దాగి ఉంది. భూతాపాన్ని పెంచే ఈ వాయువులనే కర్బన ఉద్గారాలు అంటున్నారు. వీటిని సాధ్యమైనంత తగ్గించే విధంగా భోజనశాలను కట్టడం, నడపడం ఎట్లా అన్నది ఈ పాఠ్యవిషయం. అందుకు దృష్టాంతంగా తీసుకోదగిన ఊరు కడియం.

రాజమహేంద్రవరానికి సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరంలో, గోదావరి తూర్పు డెల్టాలో కడియం ఉంది. 1847లో ఆరంభమై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని నుండి బయలుదేరిన కాలువలు ఈ నేలను సస్యశ్యామలం చేశాయి. ఆనకట్టను కట్టించిన ఆర్థర్ కాటన్ పేరు గోదావరి సీమలో ఇంటింటి పేరు. కాలువ నీరు, సారవంతమైన మట్టి, రహదారి, రైలుమార్గం ఒక్కచోట కలియడంతో కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు మొదలైన గ్రామాలలో నర్సరీలు వర్ధిల్లాయి. పూలమొక్కలు, పండ్ల అంట్లు, నీడచెట్లు, అలంకరణ మొక్కలు ఇక్కడి నుండి లారీల మీద ఉత్తరదేశం దాకా పోతాయి. జాతీయ రహదారి మీద ప్రయాణించే వారికి కిలోమీటర్ల పొడవున ఇరువైపులా కనబడే ఆ పచ్చదనం ఒక ప్రదర్శనశాలలా ఉంటుంది.

మొక్కలు కొనవచ్చిన వారు, లారీ డ్రైవర్లు, విహారానికి వచ్చిన విద్యార్థులు, ఉదయం నుండి మొక్కల మధ్య పనిచేసే కూలీలు, అందరికీ అన్నం కావాలి. అందుచేత రహదారి వెంట మెస్సులు, టిఫిన్ హోటళ్లు, దాబాలు వెలుస్తాయి. డబ్బిచ్చి అన్నం తినే ఆచారం తెలుగుదేశంలో కొత్తది కాదు. కాకతీయుల ఓరుగల్లును కళ్లకు కట్టించే క్రీడాభిరామంలో పూటకూళ్ల ఇంటి భోజనం ఉంది. ఒక్క రూకకు ఏమేమి వడ్డించేవారో కవి లెక్కపెట్టి మరీ చెప్పాడు. ఆ కావ్యకర్త వినుకొండ వల్లభరాయడా, శ్రీనాథుడా అన్న వాదం పండితులలో చాలాకాలం నడిచింది గాని, వంటకాల రుచి విషయంలో భిన్నాభిప్రాయం లేదు. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ పాత్ర అందరికీ పరిచితమే. పూటకూళ్ల ఇంటికి ప్రత్యేకమైన భవనం లేదు. నివసించే ఇల్లే భోజనశాల. బియ్యం, కూరలు చుట్టుపక్కల ఊళ్లవి. విస్తరి మట్టిలో కలిసేది. అయితే దానిని స్వర్ణయుగంగా భావించడం కూడ సరికాదు. కులాన్ని బట్టి పంక్తి ఉండేది. పొయ్యి ముందు రోజంతా పొగలో మగ్గినది చాలాచోట్ల దిక్కులేని వితంతువే. పాతదాని నుండి తీసుకోవలసినది, వదిలిపెట్టవలసినది రెండూ ఉన్నాయి.

గోదావరి సీమలో అన్నం పెట్టడం అనగానే మొదట గుర్తుకు వచ్చే పేరు డొక్కా సీతమ్మది. ఆమె 1841లో మండపేటలో జన్మించింది. కడియం నుండి మండపేట ఎంతో దూరం కాదు. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నను వివాహమాడి, గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టి, 1909లో కన్నుమూసింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఎంతమంది వస్తారో ముందు తెలియని చోట అన్నం చాలకపోకూడదు, మిగిలి పారపోయకూడదు. నేటి హోటలు యజమానికి ప్రతిరోజూ ఎదురయ్యే చిక్కుముడి ఇదే.

భోజనశాల కట్టడంలో మొదటి ప్రశ్న గోడలు, పైకప్పు. సున్నపురాయిని అత్యధిక ఉష్ణోగ్రతలో కాల్చినప్పుడు ఇంధనం నుండే కాక, ఆ రాయి నుండి కూడ కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుంది. ఒక టన్ను సాధారణ సిమెంటు తయారీకి సుమారు 800 నుండి 900 కిలోల వాయువు వెలువడుతుందని అంచనా. ప్రపంచంలోని మొత్తం కార్బన్ డై ఆక్సైడ్ ఉద్గారాలలో ఏడెనిమిది శాతం సిమెంటు పరిశ్రమవే. కనుక సిమెంటు కాంక్రీటును ఎక్కడ వాడక తప్పదో అక్కడ మాత్రమే వాడడం ప్రథమ సూత్రం. గానుగ సున్నంతో కట్టిన పాత గోడలు గట్టిపడే క్రమంలో గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను కొంతవరకు తిరిగి గ్రహిస్తాయి. థర్మల్ కేంద్రాల బూడిదతో చేసిన ఇటుకకు బట్టీలో కాల్చవలసిన అవసరం లేదు. మట్టిలో సుమారు ఐదు శాతం సిమెంటు కలిపి యంత్రంతో అదిమి చేసే మట్టి దిమ్మెలు కూడ అటువంటివే.

ఈ దారిలో ముందు నడిచిన వాస్తుశిల్పి లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జన్మించి, కేరళను స్వస్థలం చేసుకొని, 2007లో తిరువనంతపురంలో మరణించాడు. ఇటుకలను అంచుపై నిలబెట్టి, మధ్యలో బోలు ఉంచి కట్టే ఎలుకబోను పద్ధతిని ఆయన విస్తృతంగా ప్రచారం చేశాడు. దానివల్ల ఇటుక సుమారు నాలుగో వంతు ఆదా అవుతుంది. లోపలి గాలిపొర వేడిని ఆపుతుంది. తిరువనంతపురం తంపానూరులోని ఇండియన్ కాఫీ హౌస్ ఆయన రూపకల్పనే. ఎర్ర ఇటుకల గుండ్రని కట్టడం. మెట్లకు బదులు మెలిదిరుగుతూ పైకి పోయే వాలుబాట. ఆ బాట వెంబడే బల్లలు. గోడ నిండా చిన్న చిన్న రంధ్రాల జాలీ. గాలి, వెలుతురు వాటంతట అవే వస్తాయి. కార్మికుల సహకార సంఘం నడిపే ఆ హోటలులో సామాన్యుడు కాఫీ త్రాగుతాడు. కర్బనం తక్కువగా ఉండే భోజనశాల అంటే ధనికుల విలాసం అని భావించేవారికి అది సమాధానం.

తెలుగునాట కూడ ఒక మైలురాయి ఉంది. హైదరాబాదులోని సి.ఐ.ఐ. సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనానికి 2003లో లీడ్ ప్లాటినమ్ గుర్తింపు లభించింది. అమెరికా వెలుపల ఆ స్థాయిని అందుకున్న మొదటి భవనం అదే. 2004 జులైలో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించారు. నడుమ గుండ్రని ముంగిలి, జాలీ గోడలు, మిద్దె మీద తోట, గాలిని చల్లబరచి లోనికి పంపే పవన గోపురాలు దాని ప్రత్యేకతలు. అయితే ఆ భవనాన్ని యథాతథంగా తెచ్చి కడియంలో నిలబెట్టడం పొరపాటవుతుంది. నీటి తడితో గాలిని చల్లబరచే పద్ధతి హైదరాబాదు వంటి పొడి ప్రదేశంలో ఫలిస్తుంది. గోదావరి డెల్టాలో గాలిలోనే తేమ ఎక్కువ. ఉక్కపోతకు మరింత తడి చేరిస్తే మేలు కన్న కీడే ఎక్కువ. ఇక్కడ కావలసినది చల్లబరచిన గాలి కాదు, కదిలే గాలి.

ఆ సంగతి ఈ సీమ పూర్వులకు తెలుసు. మండువా లోగిలి అందుకు నిదర్శనం. నడుమ ఆకాశం కనబడే మండువా, చుట్టూ స్తంభాల వసారా, ఎత్తైన అరుగులు, వాలుగా దిగిన పెంకు కప్పు. మండువాలో వేడెక్కిన గాలి పైకి పోతుంటే, వీధి వైపు నుండి, పెరటి వైపు నుండి కొత్త గాలి లోనికి వస్తుంది. వానాకాలంలో కప్పు లోపలి వాలు మీది నీరు మండువాలోకి దిగుతుంది. దానిని తొట్టిలోకి మళ్లిస్తే అంట్ల గిన్నెలు కడగడానికి చాలు. భోజనశాలకు ఇంతకు మించిన నమూనా వెదకనక్కరలేదు. బల్లలు వసారాల్లో, చేతులు కడిగే చోటు మండువా అంచున, వంటశాల పెరటి వైపు వేరుగా, ఎత్తైన పొగగొట్టంతో. వంటశాలను కలిపి కడితే దాని వేడి భోజనం చేసేవారికి కూడ తగులుతుంది.

డెల్టా నేల కొన్ని షరతులు కూడ పెడుతుంది. ఇక్కడి నల్లమట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. పునాది విషయంలో పొదుపు పనికిరాదు. భూగర్భజలం పైననే ఉంటుంది కనుక మట్టిగోడ అడుగుభాగాన్ని ఇటుకతోగాని రాతితోగాని ఎత్తుగా లేపాలి. 1996 నవంబరు 6న కోనసీమను చీల్చి వెళ్లిన తుపాను కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. ఎగిరిపోయిన పెంకులకు లెక్క లేదు. కనుక పెంకు కప్పును దూలాలకు బిగించి కట్టాలి. వెదురు వాడదలిస్తే మూడు నాలుగేళ్ల ముదురు బొంగును తెచ్చి, బోరాక్స్, బోరిక్ ఆమ్ల ద్రావణంలో నానబెట్టాలి. లేకుంటే పురుగు తినివేస్తుంది. 2017లో అటవీచట్టాన్ని సవరించిన తరువాత అడవి కాని భూములలో పెంచిన వెదురు కోతకు, రవాణాకు ఆటంకం తొలగింది.

తాటాకు సంగతి వేరుగా చెప్పుకోవాలి. రహదారుల వెంట తాటాకు కప్పు, వెదురు తడికలు, మట్టి రంగు పూసిన గోడలు గల హోటళ్లు అనేకం కనబడుతున్నాయి. పలుచోట్ల ఆ తాటాకు క్రింద కాంక్రీటు శ్లాబు ఉంటుంది. తడిక వెనుక అద్దాలు, వాటి వెనుక ఏ.సి. ఉంటుంది. పల్లెను వేషంగా తొడుక్కున్న ఇటువంటి కట్టడం మామూలు భవనం కన్న ఎక్కువ వస్తువును మింగుతుంది. నిజంగా తాటాకు కప్పు వేయదలచినవారు వంటపొయ్యికి దానికి మధ్య దూరం పాటించాలి, కొన్నేళ్లకు ఒకసారి తిరగకప్పాలి. నేడు తాటాకు నేసేవారు దొరకడమే కష్టం. అందుచేత పెంకుటిల్లే మధ్యేమార్గం.

ఇక పొయ్యి. హోటళ్లలో వాడే పెద్ద గ్యాసు సిలిండరులో 19 కిలోల గ్యాసు ఉంటుంది. ఒక కిలో మండితే సుమారు 3 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుంది. అంటే సిలిండరుకు 57 కిలోలు. రోజుకు రెండు సిలిండర్లు ఖర్చు చేసే హోటలు ఏడాదికి దాదాపు 41 టన్నుల వాయువును గాలిలో వదులుతుంది. కడియంలో ఈ లెక్కకు తక్షణం వచ్చే సమాధానం, మొక్కలు నాటితే సరి అన్నది. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి సుమారు 20 కిలోల కార్బన్ డై ఆక్సైడ్‌ను గ్రహిస్తుందని స్థూలమైన అంచనా. ఆ లెక్కన ఒక్క హోటలు పొయ్యికి రెండు వేల ఎదిగిన చెట్లు కావాలి. నల్లని ప్లాస్టిక్ సంచిలోని మొక్క ఎదిగిన చెట్టు కాదు. ఆ మాట మొక్కలు అమ్మేవారికే బాగా తెలుసు. హోటలు ముందు వరుసగా పూలకుండీలు పెట్టినంత మాత్రాన పొయ్యి పాపం తీరదు. చెట్టు చేసే అసలు మేలు వేరే ఉంది. పడమటి గోడకు నీడపట్టున వేప, కానుగ వంటివి నాటితే గోడ కాగదు. కాగని గోడకు ఏ.సి. అక్కరలేదు.

కట్టెల పొయ్యికి తిరిగి పోవడం మార్గమా? నరికిన చెట్టుకు బదులు చెట్టు పెరిగినంతకాలం కట్టె వల్ల కర్బన భారం తక్కువే అని శాస్త్రజ్ఞులు అంగీకరిస్తారు. కాని గాడిపొయ్యి ముందు నిలబడి గుండిగలో తెడ్డు తిప్పే వంటమనిషిని అడిగితే వేరే సంగతి చెబుతాడు. ఇళ్లలోని పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది అకాలమరణం పాలయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. భూమిని కాపాడే పేరుతో వంటమనిషి ఊపిరితిత్తులను బలిపెట్టే భోజనశాలను పచ్చని భోజనశాల అనడానికి వీలులేదు. రాయల కావ్యంలోని ఇల్లాలు కొబ్బరి చిప్పలను ఎంచుకొన్నది ఇందుకే. కోనసీమ చెంతనే ఉన్న కడియానికి కొబ్బరి చిప్పలు, డొక్కలు కొరత కావు. వరి ధాన్యపు బరువులో సుమారు ఐదో వంతు ఊకే. డెల్టాలోని మిల్లుల వద్ద అది కుప్పలుగా ఉంటుంది. వీటిని బహిరంగంగా తగులబెట్టక, మూసిన బాయిలరులో మండించి, ఆ ఆవిరితో అన్నం, పప్పు, ఇడ్లీలు వండితే పొగ గొట్టం గుండా బయటకు పోతుంది. ఆవిరి మాత్రమే వంటశాలలోకి వస్తుంది.

ఆవిరిని సూర్యుని చేత కూడ పుట్టించవచ్చు. తిరుమలలో 2002లో 106 పుటాకార దర్పణాలతో సౌర ఆవిరి వంట విధానం నెలకొల్పారు. రోజుకు సుమారు పదిహేను వేల మందికి వంట చేయగల సామర్థ్యంతో దానిని రూపొందించారు. అంత పెద్ద ఏర్పాటు చిన్న హోటలుకు పొసగదు. పైగా డెల్టాలో ఆషాఢ శ్రావణాలలో సూర్యదర్శనమే అరుదు. చిన్న హోటలుకు మిద్దె మీద సౌర పలకలు మేలు. ఒక కిలోవాట్ పలకలు సగటున రోజుకు నాలుగు యూనిట్ల విద్యుత్తునిస్తాయి. దీపాలు, పంకాలు, రుబ్బురోళ్లు, నీటి మోటారు వాటితో నడుస్తాయి.

కడియం మండలంలోనే సహజవాయువుతో విద్యుత్తును ఉత్పత్తి చేసే పెద్ద కేంద్రాలు జేగురుపాడులోను, వేమగిరిలోను వెలిశాయి. 2006లో పూర్తయిన వేమగిరి కేంద్రం, కృష్ణా గోదావరి బేసిన్‌లో వాయువు తరిగిపోగా, ఆ తరువాతి దశకంలో చాలాకాలం మూతబడి ఉంది. భూగర్భం నుండి వచ్చే ఇంధనం ఎంత పెద్ద యంత్రాన్నైనా నడిదారిలో విడిచిపోగలదని ఆ ఊరివారు కళ్లారా చూచారు.

మిగిలిన అన్నం సంగతికి వద్దాం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 28 శాతం హోటళ్లు, క్యాంటీన్లు మొదలైన చోట్ల జరిగినది. చెత్తకుప్పలో కుళ్లే అన్నం నుండి మీథేన్ పుడుతుంది. నూరేళ్ల కాలపరిమితిలో చూస్తే అది కార్బన్ డై ఆక్సైడ్ కన్న సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అదే మీథేన్‌ను తొట్టిలో బంధిస్తే పొయ్యికి పనికివస్తుంది. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన నిసర్గఋణ అటువంటి బయోగ్యాస్ విధానమే. ఇక్కడ ఒక లెక్క చూడాలి. నూరు కిలోల వంటింటి వ్యర్థం నుండి వచ్చే బయోగ్యాస్ సుమారు నాలుగు కిలోల వంటగ్యాసుకు సమానం. రెండు సిలిండర్లు వాడే హోటలుకు అది పదో వంతు మాత్రమే. బయోగ్యాస్ ఉంది కదా అని అన్నాన్ని పారపోస్తే, నూరు రూపాయలు పారేసి పది రూపాయలు ఏరుకొన్నట్లే. మొదట వృథాను తగ్గించాలి. తప్పనిసరిగా మిగిలిన తొక్కలు, తొడిమలు, ఎంగిలి మాత్రమే తొట్టికి పోవాలి. తొట్టి నుండి బయటకు వచ్చే చిక్కని ద్రవం మంచి ఎరువు. వేరొక ఊళ్లో దానిని ఎవరికి ఇవ్వాలన్నది సమస్య కావచ్చును గాని, కడియంలో గోడ అవతలే నర్సరీ ఉంటుంది.

వృథాను తగ్గించడానికి ఉపాయాలు పాతవే. ఒకేసారి గుండిగ నిండా వండక, వచ్చే జనాన్ని బట్టి విడతలుగా వార్చడం, అడిగినంతే వడ్డించడం, మారు వడ్డనకు సిద్ధంగా ఉండడం. అన్ని కూరలు, పచ్చళ్లు, పొడులు ఒకేసారి ఆకు నిండా వడ్డించి తృప్తిపడే ప్లేట్ మీల్స్ అలవాటే అసలు శత్రువు. గోదావరి జిల్లాల మర్యాద పేరుమోసినది. వద్దన్నా వడ్డించడం ఇక్కడి ప్రేమ. ఆ ప్రేమను నొప్పించకుండా వడ్డనను అదుపులో పెట్టడం యంత్రాలు తెచ్చుకోవడం కన్న కష్టమైన పని.

ఏమి వండాలన్నది పొయ్యితో సమానమైన ప్రశ్న. 2018లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధన, మానవుల వల్ల కలిగే తాపవాయువులలో 26 శాతం ఆహారోత్పత్తికి సంబంధించినవని లెక్కగట్టింది. నిలువ నీటిలో పెరిగే వరిచేను కూడ మీథేన్‌ను విడుదల చేస్తుంది. అన్నమే ప్రాణంగా బ్రతికే డెల్టాలో ఈ మాట చేదుగా తోచవచ్చు. వరిని మానుకొమ్మని ఎవరూ అనరు. మడిని మధ్యమధ్య ఆరనిచ్చి తిరిగి తడిపే పద్ధతిలో మీథేన్ గణనీయంగా తగ్గుతుంది. అట్లా పండించిన రైతు వద్ద హోటలువారు నేరుగా ధాన్యం కొంటే ఆ పద్ధతికి ఊతం దొరుకుతుంది. మేక, గొర్రె మాంసాల కర్బన భారం ఎక్కువ. కోడి, చేపలది తక్కువ. కందిపప్పు, పెసరపప్పులది మరీ తక్కువ. పప్పుచారు, కంద బచ్చలి, పనసపొట్టు, గుత్తివంకాయ, లంకల కూరగాయలు ఉన్న సీమలో ఇది త్యాగమేమీ కాదు. వరదగోదావరికి ఎదురీదే పులస వానాకాలపు కొద్ది వారాలదే. ఏడాది పొడవునా పులస పులుసు దొరుకుతుందని పలక కట్టిన హోటలు శీతలగిడ్డంగి చేపనో, పరాయి చేపనో వండుతున్నదనుకోవాలి. రాయల విస్తరిలో ఈ మోసానికి తావు లేదు.

శీతలీకరణ యంత్రాలలోని వాయువులను గురించి సామాన్యంగా ఎవరూ పట్టించుకోరు. పాత ఏ.సి.లలో వాడిన ఆర్-22 వాయువు ఒక కిలో కారిపోతే, సుమారు 1800 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ విడిచినంత చేటు. 2016లో కుదిరిన కిగాలి సవరణ ఇటువంటి తాపం గల మరొక తరగతి వాయువులను క్రమంగా తగ్గించడానికి ఉద్దేశించినది. భారతదేశం 2021లో దానిని ఆమోదించింది. కొత్తగా ఫ్రిజ్ కొనేవారు ఐసోబ్యూటేన్ వంటి హైడ్రోకార్బన్‌తో నడిచేదానిని ఎంచుకొంటే ఈ భారం దాదాపు లేనట్లే.

అరటి ఆకు విషయంలో గోదావరి సీమకు పాఠం చెప్పనక్కరలేదు. ఆకు మడిచి లేచిన తరువాత కడగవలసిన పళ్లెం ఉండదు, వాడవలసిన సబ్బు ఉండదు. 2022 జులై 1 నుండి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను దేశమంతటా నిషేధించారు. అయినను హోటలులో ఆకు వేసి వడ్డించినవారే పార్సిల్ కట్టేటప్పుడు సాంబారుకు ఒక సంచి, చట్నీకి ఒక సంచి, పెరుగుకు ఒక డబ్బా వాడుతున్నారు. పార్సిల్ పట్టుకుపోయేవారు ఉన్నంతకాలం, భవనం ఎంత పచ్చగా ఉన్నా ఆ సంచులు కాలువ గట్టుకు చేరవచ్చు.

నర్సరీలలో పనిచేసే స్త్రీలు పొద్దున్నే స్టీలు క్యారేజీలో అన్నం తెచ్చుకొంటారు. మధ్యాహ్నం మామిడిచెట్టు నీడన ముగ్గురు నలుగురు కూడి, ఒకరి కూర మరొకరు పంచుకొని తింటారు. కడియంలో అతి తక్కువ కర్బనంతో ముగిసే భోజనం బహుశా అదే. గడియకొకసారి రహదారి హోటలు నుండి వేడి పప్పుచారు తెప్పించుకోవాలని వారికీ ఉంటుంది. వారి క్యారేజీ గిన్నెలోనే కొలిచి పోసి, వారు ఇచ్చుకోగల ధరకు ఇచ్చే హోటలు మాత్రం ఉండాలి.

అభ్యాసం

పదాలకు అర్థాలు: వరుగులు = ఎండబెట్టిన కూరగాయ ముక్కలు; మండువా = ఇంటి నడుమ పైకప్పు లేని ముంగిలి; గాడిపొయ్యి = నేలలో పొడవుగా త్రవ్విన పొయ్యి; గుండిగ = పెద్ద వంటపాత్ర; ఉద్గారం = వెలువడిన వాయువు.

1. విష్ణుచిత్తుని ఇల్లాలు కొబ్బరి చిప్పలతో వంట చేయడంలోని ఔచిత్యాన్ని, నేటి వంటశాలల స్థితితో పోల్చి వివరించండి.

2. హైదరాబాదు భవనంలోని చల్లదనపు ఏర్పాటు కడియానికి ఎందుకు సరిపడదు? మండువా లోగిలి ఎందుకు సరిపడుతుంది?

3. “హోటలు ముందు పూలకుండీలు పెట్టినంత మాత్రాన పొయ్యి పాపం తీరదు.” ఈ వాక్యాన్ని పాఠంలోని లెక్కల ఆధారంగా సమర్థించండి.

4. మీ కళాశాల వసతిగృహంలో ఒక వారం రోజులు మిగిలిన అన్నాన్ని తూచి, కారణాలను విచారించి, రెండు పుటల నివేదిక రాయండి.